నెర్రె ఎవలది

మిర్యాలగూడ బైపాసు మీద వరికోత మిషన్లు బాగుచేసే షెడ్డు ఒకటుంది. అందులో మెకానిక్ ఐలన్న. మిషన్ తెచ్చినవాళ్లు ముందు ఆయన మొహం చూసి, ఆ తర్వాతే మిషన్ సంగతి ఎత్తుతారు. మొహం బాగా లేకపోతే చాయ్ తాగి వస్తామని పక్కకు తప్పుకుంటారు. బాగున్న రోజు ఎట్లా ఉంటుందో ఇంతవరకు ఎవరూ చూడలేదు గనక, పక్కనున్న చాయ్ బండికి గిరాకీ ఎప్పుడూ తగ్గలేదు.

యాభై ఒక్కేళ్ల మనిషి. చెయ్యి మంచిది, నోరు మంచిది కాదు. "ఇంజన్‌ను నువ్వు సంపి తెచ్చి నన్ను లేపుమంటే నేనేమన్న దేవున్నా?" అని మొదలుపెట్టి, మిషన్ ఓనరు తాత ముత్తాతల దాకా పోతాడు. ఆ నోటికి భయపడి వేరే షెడ్డుకు పోయినవాళ్లు కూడా కోతల టైముకు తలొంచుకుని మళ్లీ ఈయన దగ్గరికే వస్తారు. ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పగలిగినవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు మరి.

ఊళ్లో ఆయన పేరు మంచు ఐలన్న. ఎనిమిదేళ్ల కింద ప్రభుత్వం పంపిన బృందంతో భూమి అడుగుకొస దాకా, అంటార్కిటికాకు పోయి, పద్నాలుగు నెలలు ఉండొచ్చాడు. అక్కడ మంచు మీద తిరిగే గొలుసు చక్రాల బండ్లకు ఆయనే మెకానిక్, ఆయనే డ్రైవరు. ఈ మాట చెబితే ఎదుటివాళ్లు ముందు ఆయన్ను, తర్వాత నలభై నాలుగు డిగ్రీల ఎండను చూసి నవ్వేవాళ్లు. నవ్విన ప్రతివాడినీ ఐలన్న గుర్తు పెట్టుకున్నాడు. అట్లా ఆయనకు మిర్యాలగూడలో సగం మందితో పడదు.

యాసంగి కోతలు ముగింపుకొచ్చిన వారంలో ఇంటికి ఒక కవరు వచ్చింది. ధ్రువ ప్రాంతాలను శోధించినవాళ్లకు విదేశంలోని ఒక పాత సంఘం ఇచ్చే వెండి పతకం ఈసారి ఆనాటి బృంద నాయకురాలు డాక్టర్ ఊర్మిళకు వచ్చిందట. మంచులో వాళ్లు గుర్తించిన క్షేమమైన దారికే ఆ పతకం. దాని గురించి సంఘం అచ్చు వేసిన పుస్తకం ఒక్కో సభ్యుడికి ఒక్కోటి పంపారు. ఇంగ్లీషు పుస్తకం. ఐలన్న దాన్ని తెరవకుండా మూడు రోజులు బీరువా మీద పెట్టాడు. ఆదివారం కోదాడ నుంచి కూతురు దివ్య వచ్చేదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు. దివ్య అక్కడి జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతుంది.

"నాయినా, నీ పేరుంది."

"ఏమని?"

"ఏ. ఐలయ్య, డ్రైవర్ అని."

"ఇంజన్లు ఇప్పి బిగించింది నేను. డ్రైవరా? పని గూడ సక్కగ రాయరాదా దొంగ నాయాండ్లకు! సరే, అది పోనీ. నెర్రె ఉన్నదా? నెర్రె సూడు."

దివ్య వెతికింది. దొరికింది. పెదాల్లోనే చదువుకుని ఆగిపోయింది.

"ఏమైంది? సదువు."

"మ్యాపులో ఉంది నాయినా. నెర్రె లైన్ అని పెద్దగానే ఉంది. కాని కింద చిన్నగ రాసిన్రు. ఆ దిక్కు పేర్లన్నీ నార్వే వాళ్లు పెట్టినవేనట. ఇది కూడ నార్వే మాటేనట. 'కిందిది' అని అర్థమట."

ఐలన్న చేతిలో మజ్జిగ గ్లాసు గోడకు తగిలి ఇంకో గోడ దాకా దొర్లింది.

"నార్వేనా? మా పెన్‌పహాడ్ చెరువు శిఖంల నార్వే వాడు ఎన్నడు నడిసిండు? వాని తాత ఎవడన్న గీడ గొర్లు గాసిండా?"

వెంకటమ్మ వంటింట్లోంచి వచ్చి గోడ చూసింది, తర్వాత మొగుణ్ణి చూసింది. ఆమెది కోదాడ పక్క. మాటలో అవతలి జిల్లా గాలి తగులుతుంది. "సొమ్మొకడిది సోకొకడిది, లోకంలో లేనిదా? ఎవడో ఏదో రాసుకున్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా?"

"ఆ కందను నేనేనే!" అని అరిచాడు ఐలన్న.

వెంకటమ్మ దొర్లిన గ్లాసు తీసి పెట్టింది. ఎందుకు అరిచాడో ఆమెకు తెలుసు. ఆ పుస్తకం ఆయన తన కోసం ఎదురుచూసింది కాదు. పెన్‌పహాడ్‌లో ఉన్న ఆయన అక్క లింగమ్మ కోసం.

వాళ్లది గొర్లు కాసే ఇల్లు. ఎండాకాలం చెరువు ఎండితే అడుగు నేల, శిఖం నల్లరేగడంతా పగిలి నెర్రెలు బాసేది. పైకి కనిపించే నెర్రెలతో భయం లేదు, మేకపిల్ల కూడా దాటుతుంది. గాలికి దుమ్ము, ఎండుగడ్డి కొట్టుకొచ్చి పైన పొరలా కప్పేసిన నెర్రెలతోనే చావు. చూస్తే చదునుగా ఉంటుంది, కాలు పెడితే తొడదాకా పోతుంది. అందుకే వాళ్లమ్మ ఒక కట్టడి పెట్టింది. కర్ర పట్టుకున్నవాడు ముందు నడవాలి. అడుగడుగుకూ కర్ర మడమతో, అంటే కింది కొసతో, నేలను కొట్టాలి. గట్టి నేల ఠక్ మంటుంది, డొల్ల నేల బొద్ మంటుంది. మంద, మనుషులు వాడి వెనకే. "కర్ర ముందు, కాలు ఎనుక" అని రోజూ పొద్దున్నే అనేది ఆ తల్లి.

ఐలన్నకు అప్పుడు పన్నెండేళ్లు, లింగమ్మకు పదిహేను. గొర్రెపిల్లను తప్పిపోనిచ్చాడని ఆ పొద్దున లింగమ్మ తమ్ముణ్ణి మంద ముందర చెంపమీద కొట్టింది. పిల్లవాడికి రోషం. "నీకంత తెలిస్తే నువ్వే ముందు నడువు" అని కర్ర భుజాన వేసుకుని వెనక్కి జరిగాడు. లింగమ్మ విసురుగా ముందు పోయింది. నాలుగు బారల దూరంలో దుమ్ము పొర సన్నగా లోపలికి వంగి ఉండటం ఐలన్నకు కనిపించింది. నెర్రె అని అరవాలి. అరవలేదు. అక్క బోర్లా పడుతుంది, తను నవ్వొచ్చు అనుకున్నాడు. అంతే అనుకున్నాడు.

ఎముక రెండు చోట్ల విరిగింది. ఊళ్లో కట్టు కట్టారు, దవాఖానకు తీసుకుపోయేసరికి చీము పట్టింది. కాలు ఉంది గాని వంకరపోయింది. ఖాయమైన సంబంధం వెనక్కి పోయింది. తర్వాత ఇంకే సంబంధానికీ లింగమ్మ ఒప్పుకోలేదు. తన మంద తాను పెంచుకుంది, తన ఇల్లు తాను కట్టుకుంది. ఇప్పుడు ఆమెకు అరవై గొర్లు, ఊరందరినీ హడలెత్తించే నోరు ఉన్నాయి. నోరు ఆ ఇంటి ఆస్తే, ఇద్దరికీ సమానంగా పంచారు.

ఆ రోజు నుంచి ఆమె తమ్ముడితో మాట్లాడలేదు. మాట్లాడలేదంటే మాటలు లేవని కాదు. ఎదురుగా ఉన్నా ఆయనతో కాకుండా ఇంకొకరితో చెప్పేది. తల్లి ఉన్నప్పుడు "నీ కొడుక్కు జెప్పు" అనేది. తల్లి పోయాక "ఎంకటమ్మా, నీ మొగనికి జెప్పు" అనేది. ఎవరూ లేకపోతే గొర్రెతోనో గోడతోనో చెప్పేది. ముప్పై తొమ్మిదేళ్లలో ఆయన్ను ఒక్కసారి కూడా 'రా' అని పిలవలేదు, 'పో' అనీ అనలేదు. శిఖంలో తను చూసి కూడా అరవలేదన్న సంగతి ఐలన్న ఎవరికీ చెప్పలేదు, వెంకటమ్మకు తప్ప. ఆమెకు కూడా పెళ్లైన పదేళ్లకు చెప్పాడు.

గొర్ల వెంట ఆయన మళ్లీ పోలేదు. కోదాడలో లారీ మెకానిక్ దగ్గర చేరి డీజిల్ పని నేర్చుకున్నాడు, తర్వాత మిర్యాలగూడలో మిల్లుల ఇంజన్లు, కోత మిషన్లు. పేపర్లో మంచుఖండానికి మెకానిక్‌లు కావాలన్న ప్రకటన పడితే, షెడ్డులో భాగస్తుడు మోతీలాల్ తమాషాకు ఆయన పేరుతో దరఖాస్తు పెట్టించాడు. పరీక్షలో కళ్లు మూసుకుని చప్పుడు విని నాలుగు ఇంజన్ల రోగం చెప్పేసరికి తమాషా కాస్తా నిజమైంది.

అక్కడ ఊర్మిళ మేడంతో మొదటి రోజు నుంచే పడలేదు. ఆమె డెహ్రాడూన్ మనిషి. క్రమశిక్షణ అంటే ప్రాణం, ఎదురు మాట అంటే మంట. ఈయన నోటి సంగతి తెలిసిందే. ఇద్దరూ హిందీలో పోట్లాడుకునేవాళ్లు. ఐలన్న హిందీ హైదరాబాదు లారీ అడ్డాలో నేర్చినది గనక, తిట్లలో ఆయనదే పైచేయి.

ఒక రోజు ఏడుగురు రెండు బండ్లలో మంచు మీద కొత్త దారి చూడటానికి బయలుదేరారు. ముందు బండి ఐలన్నది, పక్కన ఊర్మిళ. మంచు కింద పగుళ్లు ఉంటే చెప్పే రాడారు బండి ముందు పొడుగాటి కమ్మీకి కట్టి ఉంది. తెర మీద గీత సాఫీగా పోతోంది. ఐలన్న ఉన్నట్టుండి బండి ఆపేశాడు.

"ఎందుకు ఆపావు?" అంది ఊర్మిళ.

ఎదురుగా తెల్లటి చదును. అందులో ఒక చోట మంచు సన్నగా, వరుసగా, లోపలికి వంగి ఉంది. వెలుగు అక్కడ కొంచెం మాసినట్టుంది. ఐలన్నకు హిందీ మాట తోచలేదు.

"నెర్రె" అన్నాడు.

"రాడారులో ఏమీ లేదు. నడుపు."

"నెర్రె ఉన్నది మేడం."

"నడపకపోతే నీ మీద రిపోర్టు రాస్తాను."

"రాసుకో" అని తాళం తీసి జేబులో వేసుకుని దిగాడు. నడుముకు తాడు కట్టించుకుని, జెండా వెదురు తిరగేసి పట్టుకుని, దాని మడమతో మంచును కొడుతూ నడిచాడు. ఠక్, ఠక్, ఠక్. పన్నెండో అడుగులో బొద్ మంది. పదమూడో దెబ్బకు వెదురు పిడికిలి దాకా లోపలికి పోయింది. పార పెట్టి పొర తీస్తే అడుగు కనిపించని నీలం గొయ్యి. అందులో ఖాళీ డబ్బా వేశారు. పడిన చప్పుడు రాలేదు. వెనక్కి వచ్చి చూస్తే రాడారు వైరు చలికి పెళుసెక్కి లోపల తెగిపోయి ఉంది.

ఆ తర్వాత ఇరవై మూడు రోజులు ఆయన కర్ర కొడుతూ ముందు నడిచాడు, బృందం వెనక జెండాలు పాతింది. అరవై ఒక్క నెర్రెలు. వాకీటాకీలో తమిళుడు, బెంగాలీ, అందరూ "నెర్రె పదిహేడు, నెర్రె పద్దెనిమిది" అనే పిలిచారు. ఊర్మిళ కూడా మ్యాపు మీద తన చేత్తో అదే మాట రాసుకుంది. రిపోర్టు మాత్రం రాయకుండా వదల్లేదు, మొండివాడని.

తిరిగొచ్చిన మూడో రోజే ఐలన్న పెన్‌పహాడ్ పోయాడు. లింగమ్మ దొడ్లో గొర్రెపిల్లకు పాలు తాగిస్తోంది. ఆమె ముందు నిలబడి మొత్తం చెప్పాడు. "నీ కాలు యాదికొచ్చే బండి ఆపినక్కా. ఏడుగురం బతికినం. ఆ మాట మ్యాపుల ఎక్కింది" అన్నాడు.

లింగమ్మ గొర్రెపిల్ల వైపు చూసి చెప్పింది. "కోతలు కోసేటోనికి కోత మిషన్ల పనే దొరుకుతదే తల్లీ. అచ్చుల పడ్డనాడు సూపియ్యుమను. గప్పుడు నమ్ముత."

ఆ ఒక్క మాట పట్టుకుని ఏడేళ్లు ఎదురు చూశాడు. అచ్చులో పడితే అక్క నమ్ముతుంది. నమ్మితే బహుశా నేరుగా ఒక మాట అంటుంది. తిట్టయినా ఫరవాలేదు. ఇప్పుడు అచ్చులో పడింది, నార్వే వాడి మాటగా పడింది.

కష్టం ఒంటరిగా రాదు. హైదరాబాదులో ఉపన్యాసానికి వస్తున్న ఊర్మిళను సూర్యాపేటలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ పిలిచింది. ఆమెతో పాటు మన జిల్లా మనిషికీ సన్మానం అన్నారు. మోతీలాల్ ఫోనులో ఫ్లెక్సీ ఫోటో తెచ్చి చూపించాడు. పెద్ద అక్షరాలతో 'ధ్రువపత్రం అందుకున్న మన ఆణిముత్యం ఐలన్న గారికి శుభాకాంక్షలు' అని ఉంది. ధ్రువ పతకం అన్న మాట ఎవరి చేతిలోనో పడి ధ్రువపత్రం అయింది.

మోతీలాల్ పడీపడీ నవ్వాడు. "ఏం సర్టిఫికెట్ తెచ్చినవ్ అన్నా? కులందా, ఆదాయందా? మా తండాల గూడ నలుగురికి గావాలె, నువ్వు మీసేవ గిట్ల తెరిసినవా ఏంది?"

"తెరిసిన. నీ సావు సర్టిఫికెట్ ముందు ఇస్త, దా" అన్నాడు ఐలన్న పానా చేతిలో పట్టుకుని. మోతీలాల్ ఆ పూట షెడ్డులో కనిపించలేదు.

సన్మానానికి పోనని ఐలన్న రెండు రోజులు మొండికేశాడు. మూడో రోజు పెన్‌పహాడ్ నుంచి వెంకటమ్మకు ఫోనొచ్చింది. "పుస్తకం అచ్చయిందంటగా ఎంకటమ్మా. సూర్యాపేటకు వస్తున్న. అచ్చుల సూస్తనన్న, సూస్త. నీ మొగనికి జెప్పు." ఇక పోక తప్పలేదు.

హాలు నిండా కాలేజీ పిల్లలు, పైన తిరగని ఫ్యాన్లు. దివ్యకు పరీక్ష డ్యూటీ పడి రాలేదు. లింగమ్మ కర్ర ఊతంగా వచ్చి ముందు వరసలో వెంకటమ్మ పక్కన కూర్చుంది. ఆమె తెచ్చిన పుస్తకం ఒళ్లో పెట్టుకుంది, చదువు రాకపోయినా. ఐలన్న వేదిక మీద ఊర్మిళకు రెండు కుర్చీల అవతల. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఊర్మిళ మంచు బొమ్మలు చూపిస్తూ ఇంగ్లీషులో మాట్లాడింది, పక్కన ఒక సారు తెలుగులో చెబుతున్నాడు. "ఈ రేఖ పేరు నెర్రె. ఇది నార్వే భాషా పదం" అన్నాడు ఆ సారు.

ఐలన్న లేచాడు. "అబద్ధం!"

హాలు అదిరింది. కాలేజీ కరస్పాండెంటు శాలువా పట్టుకుని గబగబా వచ్చి, ఏదో మర్యాద జరుగుతున్నట్టు ఐలన్న భుజాల మీద వేయబోయాడు. ఐలన్న దాన్ని లాగి బల్ల మీద కొట్టాడు. "మీ శాలువా కాల్వల పడెయ్యున్రి. అది మా మాట! మా అమ్మ మాట! నార్వే గీర్వే అంటే పండ్లు రాలగొడ్త!" మైకు ఆపేశారు. పిల్లలు ఈలలు వేశారు. వాళ్లకు ఆ రోజు నచ్చిన ఉపన్యాసం అదొక్కటే.

కరస్పాండెంటు ఇద్దరినీ వెనక ఉన్న స్టాఫ్ రూములోకి తోసి, తలుపు దగ్గరగా వేసి పోయాడు. ఊర్మిళ మొహం ఎర్రబడింది. తక్కువ తిన్న మనిషి కాదు ఆమె కూడా.

"ఎనిమిదేళ్లయినా బుద్ధి రాలేదా నీకు?" అంది హిందీలో.

"దొంగతనం జేసినోళ్లకు రావాలె బుద్ధి."

"ఎవరు దొంగ? సంఘం వాళ్లు ఆ మాట ఎక్కడిదని అడిగారు. నాకు గుర్తు లేదు. నార్వే మాట అయి ఉంటుందని వాళ్లే అన్నారు, సరే అన్నాను. మర్చిపోవడం దొంగతనం కాదు."

"మరిచిపోవుడు పెద్దోళ్లకు దొరికే సౌలత్ మేడం. మాకు దొరకది."

ఊర్మిళ కొంచెం తడబడింది, కాని తగ్గలేదు. "సరే, నీ మాటే అనుకో. అచ్చయింది మార్చాలంటే వాళ్లు రుజువు అడుగుతారు. ఇది మీ భాషలో మాట అని, దీనర్థం ఇదని ఒక ధ్రువపత్రం కావాలి. ఉందా నీ దగ్గర?"

తలుపు తోసుకుని లింగమ్మ వచ్చింది. వెనకే వెంకటమ్మ, "ఆగు వదినా" అంటూ. లింగమ్మ ఊర్మిళ ముందు నిలబడి పుస్తకం చూపించింది.

"ఈమె ఏమంటుంది ఎంకటమ్మా?"

"నాకేం తెలుస్తుంది వదినా, హిందీ కదా."

లింగమ్మ గది అంతా చూసింది. గొర్రె లేదు. గోడ ఉంది గాని గోడకు హిందీ రాదు. ఆ గదిలో ఆమె మాట అవతలికి మోయగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆమె కర్ర నేలకు ఒకసారి కొట్టింది.

"ఏమంటుందిరా ఈమె?"

ఐలన్న బల్ల అంచు పట్టుకున్నాడు. "నెర్రె మన మాటని సర్టిఫికెట్ అడుగుతుందక్కా."

"సర్టిపికెట్ గావాల్నా?" లింగమ్మ కుర్చీలో కూలబడి చీర మోకాలి దాకా లాగింది. రెండు చోట్ల వంగి అతుక్కున్న ఎముక, దాని మీద నల్లగా మెరిసే పాత మచ్చ. "ఇగో, సూడుమను. నెర్రె అంటే గిది. నార్వేల ఎవరికన్న ఉన్నదేమో తెమ్మను. చెప్పురా ఆమెకు. ఎట్లయిందో గూడ చెప్పు."

ఐలన్న చెప్పడం మొదలుపెట్టాడు. శిఖం, మంద, చెంపదెబ్బ, కర్ర. చెబుతూ చెబుతూ, అక్కకు హిందీ రాదు కదా అన్న ధైర్యంతోనో, ఇక మోయలేకో, మిగిలింది కూడా చెప్పేశాడు. "నేను చూశాను మేడం. ఆమె కాలు పెట్టకముందే చూశాను. కోపంతో నోరు మూసుకున్నా. అందుకే ఆ రోజు మీరు ఎంత చెప్పినా బండి నడపలేదు."

ఊర్మిళ ఆ కాలు వంక చూస్తూ ఉండిపోయింది. ఆమె మొహంలో కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే ఆగింది.

"సివరికి ఏం జెప్పినవ్? దాని మొఖం మారింది" అంది లింగమ్మ.

ఐలన్న మొహం తిప్పుకున్నాడు.

"నిన్నేరా. ఏం జెప్పినవ్?"

"నేను సూసినక్కా. పొర వంగింది సూసిన. అరువలే." ఆ మాట బయటికొచ్చాక ఆయన ఏడ్చాడు. ఇంజన్లను, మనుషులను ముప్పై ఏళ్లుగా తిట్టిన ఆ గొంతు పన్నెండేళ్ల పిల్లవాడి గొంతులా చీలిపోయింది.

లింగమ్మ చీర కిందికి దించుకుంది. "ఎర్కే" అంది.

"ఏందీ?"

"ఎర్కే అంటున్న. పడ్డప్పుడు ఎనుకకు తిరిగి సూసిన. ముందుగాల నవ్వు మొఖం పెట్టినవ్, ఎన్క ఏడుపు మొఖం పెట్టినవ్. నాకు కాలిరిగింది, కండ్లు పోలేదు. నీ నోట్లకెల్లి ఎప్పుడొస్తదా అని సూస్తున్న. మంచు కాడికి పోయినవ్, మ్యాపులంటివి, అచ్చంటివి, పతకమంటివి. గీ ఒక్క ముక్క జెప్పనీకి ముప్పై తొమ్మిదేండ్లు పట్టిందారా నీకు, ఎదవా?"

ఐలన్న నోరు మూతపడటం వెంకటమ్మ పెళ్లైన తర్వాత అదే మొదటిసారి చూడటం.

ఊర్మిళ బ్యాగులోంచి కలం తీసింది. తన పుస్తకంలో ఆ చిన్న అక్షరాల మీద అడ్డంగా గీత గీసింది. కాగితం మీద ఏదో రాస్తూ పొడిగా అడిగింది. "మాట స్పెల్లింగు చెప్పు. ఈమె పేరు, ఊరు చెప్పు. కాలు సంగతి కూడా రాస్తాను. వాళ్లు మారుస్తారో లేదో నా చేతిలో లేదు. నీకు క్షమాపణ మాత్రం చెప్పను, ఈ రోజు హాల్లో నువ్వు చేసినదానికి."

"నేనడగలే" అన్నాడు ఐలన్న ముక్కు తుడుచుకుంటూ.

లింగమ్మ ఆ కాగితం మీద వేలిముద్ర వేసింది. ఊర్మిళ ఆమె చెయ్యి పట్టుకోబోతే, లింగమ్మ ఇంకు అంటుతుందని చెయ్యి వెనక్కి తీసుకుంది.

కాలేజీ వెనక, ఆటోలు ఆగే చోటు దాకా, ఇంకా ఇళ్లు కట్టని ప్లాట్లు. నల్లరేగడి. ఎండకు నెర్రెలు బాసి, గాలికి చెత్తా దుమ్మూ పైన పరుచుకుని ఉంది. లింగమ్మ అంచున ఆగింది. చేతిలోని కర్ర ఐలన్న వైపు చాపి, ఖాళీ అయిన చేత్తో వెంకటమ్మ భుజం పట్టుకుంది.

"ముందు నువ్వు నడువు."

ఐలన్న కర్ర అందుకున్నాడు. దాని మడమతో నేలను కొట్టాడు. ఠక్. ఇంకో అడుగు వేసి మళ్లీ కొట్టాడు.

"గట్టిగ కొట్టురా, తిండి లేదా? మంచుల గూడ గిట్లనే కొట్టినవా? ఏడుగురు ఎట్ల బతికిన్రో ఏమో!"

ఆటో దాకా ఆయన కర్ర కొట్టుకుంటూ ముందు నడిచాడు. అక్క తిడుతూ వెనకే వచ్చింది, నేరుగా ఆయన్నే.